డ్రాగన్ బాల్ జెడ్ 291 ఎపిసోడ్లను డిస్కుల్లో సేకరించడం: ఎడిషన్ ఎంపిక నుంచి బీరువా దాకా

జపాన్ కార్టూన్ ధారావాహిక డ్రాగన్ బాల్ జెడ్ డిస్కులు కొనాలనుకునేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు మూడు. ఏ సెట్ కొనాలి? అమెరికా నుంచి తెప్పిస్తే మన ఇంట్లో ఆడుతుందా? ఇప్పటికే కొన్న సెట్‌లో కథానాయకుడు గోకు తల పైభాగం ఎందుకు తెగిపోయి కనిపిస్తోంది? ఈ మూడు ప్రశ్నలూ కొనుగోలు వరుస తారుమారు కావడం వల్లే పుడతాయి. ముందు ఎడిషన్ తేల్చుకోవాలి, తరువాత దానిని ఆడించగల ప్లేయర్ సమకూర్చుకోవాలి, ఆ తరువాతే డిస్కులకు డబ్బు పెట్టాలి. కింది మెట్లన్నీ ఆ వరుసలోనే రాశాను. మధ్యలో ఏ మెట్టునూ వదలకుండా చదవవలసిందిగా కోరుతున్నాను.

1. సేకరణ హద్దును కాగితం మీద రాసుకోవడం

"డ్రాగన్ బాల్ మొత్తం కావాలి" అనుకుని మొదలుపెట్టినవారు సగంలో ఆగిపోవడం ఎక్కువగా చూశాను. మొదటి ధారావాహిక డ్రాగన్ బాల్‌కు 153 ఎపిసోడ్లు, జెడ్‌కు 291, జీటీకి 64, సూపర్‌కు 131 ఉన్నాయి. వీటికి తోడు 1989 నుంచి 1995 వరకు వచ్చిన 13 జెడ్ చిత్రాలు, బార్డాక్ కథ చెప్పే 1990 నాటి టీవీ ప్రత్యేక చిత్రం, ట్రంక్స్ కథ చెప్పే 1993 నాటి ప్రత్యేక చిత్రం ఉన్నాయి. వీటన్నింటినీ ఒకేసారి వెతకడం వల్ల ఏ ఒక్కటీ పూర్తి కాదు.

మొదటి లక్ష్యంగా 291 ఎపిసోడ్ల జెడ్‌ను మాత్రమే పెట్టుకోండి. అది పూర్తయ్యాక చిత్రాల వైపు వెళ్లవచ్చు.

ఇక్కడ కై గురించి ఒక మాట చెప్పాలి. జెడ్ కథనే కుదించి, మూల మాంగాకు, అంటే జపాన్ బొమ్మల కథకు, దగ్గరగా కూర్చిన రూపం కై. అమెరికా విడుదలలో మొదటి 98 ఎపిసోడ్లు నాలుగు సీజన్లుగా, బూ కథాభాగం ఫైనల్ చాప్టర్స్ పేరుతో మూడు భాగాలుగా దొరుకుతాయి. యుద్ధాల మధ్య సాగదీతను భరించలేనివారికి ఇదే సరైన ఎంపిక. అయితే కై ఉంటే జెడ్ ఉన్నట్టే అనుకోకూడదు. గార్లిక్ జూనియర్ భాగం వంటివి అందులో ఉండవు.

2. ఎడిషన్ తేల్చుకోవడం

ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం కేటాయించవలసిన మెట్టు ఇదే. జెడ్‌ను 16 ఎంఎం ఫిల్మ్ మీద, పాత టీవీ తెర ఆకారమైన 4:3 నిష్పత్తిలో తీశారు. ఆ బొమ్మను వెడల్పు టీవీకి సరిపోయేలా, అదే వెడల్పు ఉంచి, 16:9గా కోస్తే ఎత్తులో నాలుగో వంతు పోతుంది. ఫిల్మ్ అంచుల్లో దాగి ఉన్న కాస్త బొమ్మను పక్కల చూపించినప్పటికీ పైన, కింద జరిగిన నష్టం పూడదు. ముఖాన్ని దగ్గరగా చూపించే దృశ్యాల్లో జుట్టు, గడ్డం తెగిపోవడానికి కారణం ఇదే. మీ టీవీ గానీ ప్లేయర్ గానీ దీనికి బాధ్యత వహించవు, దీనిని ఏ సెట్టింగూ సరిచేయలేదు.

అందువల్ల ఏ ఎడిషన్‌నైనా నాలుగు ప్రశ్నలతో పరీక్షించాలి: బొమ్మ 4:3లో ఉందా, ఎపిసోడ్లు కోత లేకుండా ఉన్నాయా, మీకు కావలసిన శబ్దం ఉందా, ఆ వరుస చివరి ఎపిసోడ్ వరకు విడుదలైందా. అమెరికాలో ఫ్యునిమేషన్ సంస్థ విడుదల చేసిన ప్రధాన ఎడిషన్లను ఈ ప్రశ్నల వెలుగులో చూద్దాం.

2.1 నారింజ రంగు సీజన్ డీవీడీలు (2007 నుంచి)

వీటిని సేకర్తలు ఆరెంజ్ బ్రిక్స్ అని పిలుస్తారు. మొత్తం తొమ్మిది సీజన్లు, 291 ఎపిసోడ్లూ ఉన్నాయి. పాత సరుకు మార్కెట్‌లో తేలికగా, చవకగా దొరుకుతాయి. బొమ్మను 16:9కు కోశారు. జపాన్ శబ్దం, జపాన్ సంగీతంతో ఆంగ్ల డబ్బింగ్, అమెరికా టీవీలో వినిపించిన సంగీతంతో ఆంగ్ల డబ్బింగ్, ఈ మూడూ ఉండడం వీటి బలం.

2.2 డ్రాగన్ బాక్స్ డీవీడీలు (2009 నుంచి 2011 వరకు)

ఏడు పెట్టెలు. ఒక్కొక్క దానిలో ఆరు డిస్కులు, ఒక పుస్తకం ఉంటాయి. బొమ్మ 4:3లోనే, కోత లేకుండా ఉంటుంది. ఫిల్మ్ గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీద సహజంగా కనిపించే సన్నని రేణువులు, మిగిలి ఉంటుంది, రంగులు సహజంగా ఉంటాయి. బొమ్మ కోసమే సేకరించేవారికి నా సలహా ఎప్పుడూ ఇదే. రెండు ఇబ్బందులున్నాయి. ముద్రణ చాలాకాలం క్రితమే ఆగిపోయింది కాబట్టి ధర ఎక్కువ. బ్రూస్ ఫాల్కనర్ బృందం అమెరికా టీవీ కోసం కూర్చిన సంగీతం వీటిలో లేదు. ఆంగ్ల డబ్బింగ్ విన్నా దాని వెనుక షున్‌సుకే కికుచి జపాన్ సంగీతమే వినిపిస్తుంది. చిన్నప్పుడు విన్న ఆ గిటార్ కోసమే సెట్ కొంటున్నవారు ఇది తెలియక తీవ్రంగా నిరాశపడ్డారు.

ఇదే పేరుతో 2003లో జపాన్‌లో వెలువడిన పెట్టెలు వేరు. వాటిలో ఆంగ్ల డబ్బింగ్ గానీ ఆంగ్ల సబ్‌టైటిళ్లు గానీ ఉండవు. బొమ్మను చూసి తొందరపడి ఆర్డర్ చేయకండి.

2.3 లెవెల్ బ్లూరేలు (2011, 2012)

ఫిల్మ్‌ను ఒక్కొక్క ఫ్రేమ్ చొప్పున శుభ్రం చేసి, 4:3లోనే ఉంచి మొదలుపెట్టిన అందమైన ప్రయత్నం. 1.1, 1.2 అనే రెండు భాగాల తరువాత ఆగిపోయింది. విడి జ్ఞాపకంగా దాచుకోవచ్చు గానీ సేకరణకు పునాదిగా పనికిరాదు.

2.4 సీజన్ బ్లూరేలు (2013, 2014)

తొమ్మిది సీజన్లూ పూర్తిగా ఉన్నాయి, మూడు రకాల శబ్దం కూడా ఉంది. బొమ్మ మాత్రం 16:9కు కోసినదే, గ్రెయిన్‌ను తుడిచేశారు. పెద్ద టీవీ మీద గీతలు స్పష్టంగా కనిపించినా ముఖాలు మైనం పూసినట్టు నున్నగా ఉంటాయి.

2.5 ముప్పయ్యో వార్షికోత్సవ బ్లూరే సెట్ (2019), ఆ తరువాతి స్టీల్‌బుక్‌లు

ఇవి 4:3లో ఉన్నాయి. గ్రెయిన్‌ను తుడిచేసే అలవాటు మాత్రం వీటిలోనూ కొనసాగింది. వార్షికోత్సవ సెట్ పరిమిత సంఖ్యలో వచ్చింది కాబట్టి పాత సరుకులోనే వెతకాలి. బ్లూరే కావాలి, తలలు తెగకూడదు అనేవారికి స్టీల్‌బుక్‌లు (లోహపు పెట్టెల్లో వచ్చే సెట్లు) మధ్యే మార్గం. సీజన్ సీజన్‌గా కొనుక్కోవచ్చు కాబట్టి భారం ఒక్కసారిగా పడదు.

2.6 తీసుకోకూడనివి

2005లో మొదలైన అల్టిమేట్ అన్‌కట్ విడి డీవీడీల వరుస సగంలోనే రద్దయింది. అంతకు ముందు 1990లలో వచ్చిన డిస్కుల్లో, టేపుల్లో మొదటి 67 ఎపిసోడ్లను 53కు కుదించారు. ఈ రెండోదానివల్ల మరో చిక్కుంది. పాత అట్ట మీద 53 అని ఉన్న ఎపిసోడ్ అసలు లెక్కలో 67వది. పాత విడి డిస్కులను కొత్త సెట్‌తో కలిపి లెక్కపెడితే 14 ఎపిసోడ్ల తేడా వచ్చి, ఉన్నవి లేనట్టు, లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి.

నిర్ణయానికి ముందు సరిచూసుకోవలసినవి:
• నాకు ముఖ్యం పూర్తి బొమ్మా, ఎక్కువ స్పష్టతా, తక్కువ ధరా? ఒక్కదానికే మొదటి స్థానం ఇచ్చాను.
• అమెరికా టీవీ సంగీతం కావాలో వద్దో తేల్చుకున్నాను.
• ఎంచుకున్న వరుస 291 వరకు విడుదలైందని నిర్ధారించుకున్నాను.
• రెండు ఎడిషన్లను కలపబోనని నిశ్చయించుకున్నాను.

చివరి అంశాన్ని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. సీజన్ సెట్లు, డ్రాగన్ బాక్సులు ఎపిసోడ్లను వేర్వేరు చోట్ల విభజిస్తాయి. మూడో సీజన్ 107తో, అంటే ఫ్రీజా కథతో ముగుస్తుంది. మూడో డ్రాగన్ బాక్స్ 85తో మొదలై 126 వరకు వెళుతుంది. ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ కొంటే కొన్ని ఎపిసోడ్లు రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలే రావు.

తెలుగు డబ్బింగ్ గురించి అడిగేవారికి సూటిగా చెప్పాలంటే, పైన చెప్పిన డిస్కుల్లో ఆంగ్లం, జపాన్ భాషలే ఉంటాయి. తెలుగు శబ్దం కోసం వీటిని కొనవద్దు.

3. ప్లేయర్‌ను డిస్కుల కంటే ముందు సమకూర్చుకోవడం

డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో తెలిపే సంకేతమే రీజియన్. డీవీడీ లోకంలో భారతదేశం 5వ రీజియన్, అమెరికా 1, జపాన్ 2. బ్లూరే లోకంలో భారతదేశం సీ, అమెరికా, జపాన్ ఏ, ఐరోపా బీ. అంటే మనం కొనబోయే అమెరికా డిస్కు, మన ఊళ్లో కొన్న సాధారణ ప్లేయర్‌లో "ఈ రీజియన్‌లో ఆడదు" అన్న సందేశమే చూపించే అవకాశం ఎక్కువ. డీవీడీ అట్ట వెనుక చిన్న భూగోళం బొమ్మలో అంకె, బ్లూరే వెనుక ఆరు భుజాల గుర్తులో అక్షరం ఉంటాయి. కొనే ముందు ఆ గుర్తు ఫోటో అడగండి.

3.1 మూడు దారులు

మొదటిది, అన్ని రీజియన్లూ ఆడేలా మార్పు చేసిన ప్లేయర్. ఇక్కడ ఒక మోసం తరచుగా జరుగుతుంది. చాలా ప్లేయర్లలో డీవీడీ రీజియన్‌ను రిమోట్‌తో మార్చవచ్చు, బ్లూరే రీజియన్‌ను అలా మార్చడం సాధారణంగా కుదరదు, లోపల మార్పు చేయాలి. "రీజియన్ ఫ్రీ" అన్న మాట డీవీడీకి మాత్రమేనా, బ్లూరే ఏ, బీ, సీ మూడింటికీనా అని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

రెండోది, అమెరికాలో కొన్న సాధారణ ప్లేయర్‌ను తెచ్చుకోవడం. రీజియన్ చిక్కు పోతుంది, విద్యుత్ చిక్కు వస్తుంది. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. ప్లేయర్ వెనుక లేదా అడాప్టర్ మీద 100–240 అని రాసి ఉంటే పిన్ మార్చే ప్లగ్ చాలు. 120 అని మాత్రమే ఉంటే వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఎట్టి పరిస్థితుల్లోనూ ప్లగ్ పెట్టకూడదు.

మూడోది, కంప్యూటర్‌కు తగిలించే డ్రైవ్. చవకైన దారి ఇదే. డీవీడీ రీజియన్‌ను డ్రైవ్‌లో ఐదుసార్లు మాత్రమే మార్చగలం, ఆ తరువాత చివరి రీజియన్ దగ్గరే స్థిరపడిపోతుంది. ఈ సేకరణ కోసమే డ్రైవ్ కొంటే మొదటిసారే 1కి మార్చి, ఇక ముట్టుకోకండి.

ఇంట్లో ఉన్న గేమ్ కన్సోల్‌ను నమ్ముకునేవారు, అది ఇక్కడ కొన్నదైతే డిస్కుల విషయంలో ఇక్కడి రీజియన్‌కే కట్టుబడి ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఎన్‌టీఎస్‌సీ, పాల్ అనే రెండు టీవీ సంకేత పద్ధతుల తేడా గురించి మాత్రం ఆందోళన అవసరం లేదు. హెచ్‌డీఎంఐ ఉన్న ఇప్పటి టీవీలు రెండింటినీ చూపిస్తాయి.

3.2 ఒక్క డిస్కుతో పరీక్ష

ఎంచుకున్న రీజియన్‌కు చెందిన చవకైన డిస్కు ఒకటి, ఏ సినిమా అయినా సరే, ముందు తెప్పించి ఆడించి చూడండి. అది ఆడిన తరువాతే పెద్ద ఆర్డర్ ఇవ్వాలి.

4. ఎపిసోడ్ల పట్టిక తయారు చేసుకోవడం

ఒక నోటుపుస్తకం లేదా స్ప్రెడ్‌షీట్ తీసుకుని, ఎంచుకున్న ఎడిషన్ ప్రకారం కింది హద్దులు రాయండి.

సీజన్ సెట్లు:
• సీజన్ 1: 1 నుంచి 39
• సీజన్ 2: 40 నుంచి 74
• సీజన్ 3: 75 నుంచి 107
• సీజన్ 4: 108 నుంచి 139
• సీజన్ 5: 140 నుంచి 165
• సీజన్ 6: 166 నుంచి 194
• సీజన్ 7: 195 నుంచి 219
• సీజన్ 8: 220 నుంచి 253
• సీజన్ 9: 254 నుంచి 291

డ్రాగన్ బాక్సుల లెక్క సులువు. మొదటి ఆరు పెట్టెల్లో 42 చొప్పున 252 ఎపిసోడ్లు, ఏడో పెట్టెలో మిగిలిన 39 ఉంటాయి.

ప్రతి వరుసకు ఎదురుగా ఆరు గడులు పెట్టండి: డిస్కుల సంఖ్య, అట్ట స్థితి, పుస్తకం ఉందా, చేరిన ధర (5.1లో వివరించాను), కొన్న తేదీ, చివరి వరకు ఆడించి చూశారా. చివరి గడి నిండనంతవరకు ఆ సెట్ మీ చేతిలో ఉన్నా సేకరణలో చేరనట్టే లెక్క.

5. ఏది ముందు కొనాలి, ఎంతకు కొనాలి

ముద్రణలో ఉన్న సెట్లకు వరుస ముఖ్యం కాదు. ముద్రణ ఆగిపోయిన వాటికి మాత్రం సహజంగా తోచే వరుస తప్పుతుంది. అందరూ ఒకటో పెట్టెతో మొదలుపెట్టి, చవకగా దొరికినవన్నీ పోగుచేసి, చివరికి మిగిలిన ఒక్క పెట్టె కోసం మిగతావాటన్నింటికీ పెట్టినంత ధర చెల్లించడానికి సిద్ధపడతారు. అమ్మేవారికి ఆ అవసరం తెలుసు.

కాబట్టి ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే రెండు నెలలు మార్కెట్‌ను గమనించండి. ఏ సంఖ్య ఎన్నిసార్లు అమ్మకానికి వచ్చింది, చివరికి ఎంతకు పోయింది అన్నది రాసుకోండి. అడిగిన ధర కాదు, అమ్ముడైన ధరే అసలు ధర. అతి తక్కువసార్లు కనిపించిన పెట్టెను ముందు కొనండి. అది దొరకకపోతే ఎడిషన్ మార్చుకునే స్వేచ్ఛ మీకింకా ఉంటుంది.

5.1 చేరిన ధర

తెర మీద కనిపించే ధర సగం లెక్క మాత్రమే. కింది అన్నింటినీ కూడితేనే సెట్ మన గుమ్మంలోకి ఎంతకు వచ్చిందో తెలుస్తుంది.

• వస్తువు ధర, అక్కడి రాష్ట్రపు అమ్మకపు పన్ను
• అక్కడి లోపలి రవాణా, ఇక్కడికి వచ్చే అంతర్జాతీయ రవాణా
• విదేశీ మారకం మీద కార్డు వసూలు చేసే అదనపు శాతం
• కస్టమ్స్ సుంకం, ఐజీఎస్‌టీ (దిగుమతి మీద పడే జీఎస్‌టీ)
• కొరియర్ సంస్థ తీసుకునే క్లియరెన్స్ రుసుము

సుంకాన్ని వస్తువు ధర మీదనే కాక రవాణా, బీమా కలిపిన విలువ మీద లెక్కిస్తారు. అందువల్ల ఖరీదైన రవాణా ఎంచుకుంటే రెండు వైపులా బరువు పడుతుంది. రేట్లు మారుతుంటాయి, ఆర్డర్ పెట్టే రోజున సరిచూసుకోండి. కొరియర్ అడిగే గుర్తింపు పత్రాలను ముందే సిద్ధంగా ఉంచుకోకపోతే పార్సిల్ గిడ్డంగిలో ఆగిపోయి, నిల్వ రుసుము పడవచ్చు. ధర తగ్గించి రాయమని అమ్మకందారుని కోరడం చట్టవిరుద్ధం. పైగా పార్సిల్ పోతే బీమా ఆ తగ్గించిన ధరకే వస్తుంది.

5.2 బంధువుల ద్వారా తెప్పించుకోవడం

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో అన్నయ్యో వదినో ఉన్నవారికి ఇదే మేలైన దారి. వారి చిరునామాకు ఒక్కొక్కటిగా చేర్చి, వారు వచ్చేటప్పుడు తెప్పించుకోవచ్చు. మూడు మర్యాదలు పాటించండి. బరువు ముందే చెప్పండి, ఎందుకంటే పెట్టెలు, లోపలి పుస్తకాలు కలిసి చూడటానికి కనిపించే దానికన్నా బరువుంటాయి. సెట్ చేరగానే తెరిచి డిస్కులు లెక్కపెట్టి ఫోటో పంపమని అడగండి, లేదంటే తిరిగి పంపే గడువు అక్కడే ముగిసిపోతుంది. చేతిసంచిలో కాక పెద్ద పెట్టెలో బట్టల మధ్య, నిలువుగా పెట్టమని చెప్పండి.

6. అమ్మకందారుని అడగవలసినవి, నకిలీని గుర్తించడం

పాత సెట్ కొనేటప్పుడు నేనొకసారి అట్టల ఫోటోలు మాత్రమే చూసి డబ్బు పంపాను. వచ్చిన సెట్‌లో మూడో డిస్కు రెండుసార్లు ఉంది, నాలుగోది లేదు. ఆ ఒక్క డిస్కులోని ఎపిసోడ్ల కోసం మళ్లీ సెట్ మొత్తం కొనవలసి వచ్చింది. అప్పటి నుంచి కింది ఫోటోలు రానిదే నేను బేరానికి దిగడం లేదు.

• అన్ని డిస్కుల పైభాగం ఒకే ఫోటోలో, సంఖ్యలు చదవగలిగేలా
• అన్ని డిస్కుల అడుగుభాగం, దీపం కాంతిని ఏటవాలుగా పడనిచ్చి
• అట్ట వెన్ను, నాలుగు మూలలు, వెనుక ఉన్న రీజియన్ గుర్తు
• పుస్తకం లోపలి రెండు పేజీలు
• డిస్కు నడుమ పట్టుకునే పళ్లు విరిగాయో లేదో

డిజిటల్ కాపీ కోడ్ ఉందని ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి. ఫ్యునిమేషన్ స్ట్రీమింగ్ సేవ 2024 ఏప్రిల్ 2న మూతపడినప్పుడు, ఆ కోడ్‌లతో పొందిన ఎపిసోడ్లు కూడా దానితోపాటే పోయాయి.

6.1 నకిలీ సెట్ లక్షణాలు

లెక్కతోనే చాలా నకిలీలు పట్టుబడతాయి. రెండు పొరల డీవీడీలో పట్టేది 8.5 జీబీ. డ్రాగన్ బాక్స్‌లో డిస్కుకు ఏడు ఎపిసోడ్లు కాబట్టి ఒక్కొక్క దానికి సుమారు 1.2 జీబీ దక్కుతుంది. "291 ఎపిసోడ్లూ 12 డిస్కుల్లో" అని అమ్మే సెట్‌లో డిస్కుకు 24కు పైగా ఎపిసోడ్లను కుక్కారు, అంటే ఒక్కొక్క దానికి 0.35 జీబీ. పేలుడు దృశ్యం వచ్చిన ప్రతిసారీ బొమ్మ గడులు గడులుగా విరగడం ఖాయం.

అడుగుభాగం ఊదా రంగులో ఉంటే అది కంప్యూటర్‌లో రాసిన డిస్కు. కర్మాగారంలో అచ్చయిన డీవీడీ వెండి రంగులోనో, రెండు పొరలదైతే లేత బంగారు రంగులోనో ఉంటుంది. అసలు డిస్కు నడుమ పారదర్శక వలయం దగ్గర ఐఎఫ్‌పీఐ అనే అక్షరాలతో మొదలయ్యే సన్నని గుర్తు సాధారణంగా కనిపిస్తుంది. అట్ట మీద అక్షరదోషాలు, ఏ దేశానికీ చెందనట్టుండే "ఆల్ రీజియన్" ముద్ర, పాత్రల పేర్లు వింతగా మారిన సబ్‌టైటిళ్లు, ఇవన్నీ నమ్మదగిన హెచ్చరికలు. కంటికి వెండి రంగులో మెరిసినంత మాత్రాన అసలైనదని చెప్పలేం, కొన్ని నకిలీలను కూడా కర్మాగారాల్లోనే అచ్చువేస్తారు.

7. పార్సిల్ తెరిచిన రోజు చేయవలసినవి

1. విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి చివరి వరకు ఆపకుండా వీడియో తీయండి.
2. పెట్టెను ఊపి చూడండి. లోపల గలగలమంటే డిస్కు ఊడింది. అప్పుడు పెట్టెను బల్లమీద వెల్లకిలా పెట్టి, నిదానంగా తెరవండి.
3. డిస్కు తీసేటప్పుడు నడుమ బొడిపెను వేలితో నొక్కి, అంచులు పట్టుకుని పైకి తీయండి. వంచి లాగితే రెండు పొరల డిస్కు లోపల అతుకు వదిలే ప్రమాదం ఉంది.
4. సంఖ్యలు పట్టికతో సరిచూడండి.
5. ప్రతి డిస్కులో మొదటి ఎపిసోడ్, మధ్య ఎపిసోడ్, చివరి ఎపిసోడ్ చివరి రెండు నిమిషాలు ఆడించండి.

డిస్కు లోపలి నుంచి బయటి అంచు వైపుకు చదవబడుతుంది, రెండో పొర కూడా ఉంటే మధ్యలో పొర మారుతుంది. వేలిముద్రలు, గీతలు ఎక్కువగా పడేది బయటి అంచునే. మెనూ వచ్చింది కదా అని ఆపేసినవారు తిరిగి పంపే గడువు దాటాక పొర మారే చోట ఆగిపోయే డిస్కును కనుగొంటారు. తీరికగా చూద్దామని వాయిదా వేయకుండా, గడువు లోపలే ఈ పరీక్ష ముగించండి.

8. మరకలు, గీతలు: ఏది బాగవుతుంది, ఏది కాదు

మరకలను మెత్తటి, నూలు రాలని గుడ్డతో నడుమ నుంచి అంచు వైపుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే సన్న గీత, సమాచారం రాసిన దారి వెంబడే పడి, ఎక్కువ చోటును ఒకేచోట పాడుచేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌తో పోని మరకకు కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడవచ్చు. టూత్‌పేస్ట్, గాజు తుడిచే ద్రవాలు వద్దు.

గీతల విషయంలో డీవీడీకి, బ్లూరేకి పెద్ద తేడా ఉంది. డీవీడీలో సమాచార పొర సుమారు 0.6 మిల్లీమీటర్ల లోతున, డిస్కు మందం నడిమధ్యలో ఉంటుంది. కాబట్టి పైపై గీతలను సానపట్టే యంత్రంతో తీయించవచ్చు. బ్లూరేలో ఆ లోతు 0.1 మిల్లీమీటరే, దాని మీద గట్టి రక్షణ పూత ఉంటుంది. సానపడితే ఆ పూత పోతుంది, డిస్కు కూడా పోతుంది. బ్లూరే మీద వేలికి తగిలే గీత కనిపిస్తే బాగు చేయించాలని ప్రయత్నించకండి, వెనక్కి పంపండి.

డీవీడీలో లేబుల్ వైపు పడిన గీత లోపలి పొరను చేరడం అరుదు. కాంతికి ఎదురుగా పెట్టినప్పుడు సూదిమొనంత రంధ్రాలు మెరిస్తే మాత్రం అది లోపలి లోహపు పొర దెబ్బతిన్న గుర్తు, దానికి మందు లేదు.

9. టీవీని సరిదిద్దడం

పూర్తి 4:3 సెట్ కొని, టీవీ సెట్టింగుల వల్ల మళ్లీ తలలు తెగ్గొట్టుకునేవారున్నారు.

• బొమ్మ ఆకారాన్ని "ఒరిజినల్" లేదా 4:3కు పెట్టండి. పక్కల నల్లటి పట్టీలు రావాలి, వస్తేనే బొమ్మ పూర్తిగా ఉన్నట్టు.
• జూమ్, స్ట్రెచ్ ఆపేయండి.
• కదలికను నున్నగా చేసే సదుపాయాన్ని ఆపేయండి. చేతితో గీసిన బొమ్మల మధ్య టీవీ తనంతట తాను కొత్త ఫ్రేములు పుట్టిస్తే, దెబ్బ తగిలే క్షణంలో గీతలు అలుక్కుపోతాయి.
• పదును (షార్ప్‌నెస్) స్థాయిని బాగా తగ్గించండి, లేకపోతే ప్రతి గీత చుట్టూ తెల్లటి అంచు కనిపిస్తుంది.
• జపాన్ శబ్దం ఎంచుకున్నప్పుడు సంభాషణల సబ్‌టైటిళ్లు ఎంచుకున్నారా, లేక తెర మీది రాతలకు మాత్రమే వచ్చేవి ఎంచుకున్నారా అని చూసుకోండి.

10. మన వాతావరణంలో భద్రపరచడం

డిస్కు కంటే ముందు అట్ట, పుస్తకం పాడవుతాయి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో తేమ వల్ల అట్ట ఉబ్బి బూజు పడుతుంది. రామగుండం, కొత్తగూడెం వైపు ఎండాకాలపు వేడికి చవకరకం ప్లాస్టిక్ కవర్లు మెత్తబడి అతుక్కుపోతాయి. చెదలు మాత్రం ఎక్కడైనా వస్తాయి.

బయటి గోడకు ఆనించిన అల్మరాను వదిలేయండి, వానాకాలంలో చెమ్మ అక్కడి నుంచే ఎక్కుతుంది. లోపలి గోడ వైపు, నేలకు జానెడు ఎత్తున, వెనుక రెండు వేళ్ల గాలి సందు ఉండేలా ఇనుప బీరువా గానీ మూసే అర గానీ చూడండి. పెట్టెలను పుస్తకాల్లా నిలువుగా పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది పెట్టెల్లో డిస్కు పట్టుకునే పళ్లు విరుగుతాయి.

సిలికా జెల్ సంచులను వాడి, రంగు మారినప్పుడు మార్చండి. కలరా ఉండలు వేయకండి, వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను దెబ్బతీస్తుంది. పురుగుల కోసం బాగా ఎండిన వేపాకును పలుచని గుడ్డలో మూటకట్టి, అట్టకు తగలకుండా అర మూలలో పెట్టడం మా ఇంట్లో అలవాటు. బయటి అట్టకు రక్షణగా పాలీప్రొపైలీన్ కవర్లు తీసుకోండి, పీవీసీ కవర్లు వద్దు.

ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి, అన్నింటినీ బయటికి తీసి నీడలో గాలి తగలనివ్వండి. అదే రోజున ప్రతి సెట్ నుంచి ఒక డిస్కును ఆడించి, పట్టికలో తేదీ వేయండి. ఈసారి రెండో డిస్కు ఆడిస్తే వచ్చేసారి మూడోది, అలా మార్చుకుంటూ పోతే అన్ని డిస్కులూ పరీక్షకు వస్తాయి.

11. ఇప్పటికే పొరపాటు జరిగిపోయి ఉంటే

కోసిన బొమ్మ సెట్ కొన్నవారు: వెంటనే అమ్మేయకండి. నారింజ డీవీడీల్లో అమెరికా టీవీ సంగీతం ఉంది, డ్రాగన్ బాక్సుల్లో అది లేదు. వేరే ఎడిషన్ పూర్తయ్యేవరకు ఉంచుకుని, అప్పటికీ ఆ సంగీతం అక్కర్లేదనిపిస్తే తొమ్మిది సీజన్లనూ కలిపి ఒకే లాటుగా అమ్మండి. విడిగా అమ్మితే మధ్య సీజన్లు మిగిలిపోతాయి.

రెండు ఎడిషన్లు కలిసిపోయినవారు: నాలుగో మెట్టులోని రెండు లెక్కలనూ పక్కపక్కన రాసి, ఏ ఎపిసోడ్లు తగ్గాయో గుర్తించండి. తక్కువ ఖర్చుతో పూర్తయ్యే వైపుకు వెళ్లి, రెండో వైపు సెట్లను ఇతర సేకర్తలతో మార్పిడి చేసుకోండి.

ఒక్క డిస్కు పోయినవారు: విడి డిస్కు కోసం నెలల తరబడి ఎదురుచూడడం కన్నా, అట్ట చిరిగి చవకగా వచ్చే అదే సెట్‌ను కొని, మంచి డిస్కులు, మంచి అట్ట కలిపి ఒకటిగా చేసుకోవడం తేలిక. మిగిలిన డిస్కులను జాగ్రత్త చేయండి. వాటిలోని ఏదో ఒకటి మరొక సేకర్తకు అవసరపడుతుంది, మార్పిడిలో మీకు కావలసినది దొరుకుతుంది.

రీజియన్ కుదరని డిస్కులు ఇంట్లో ఉన్నవారు: డిస్కులు తిరిగి అమ్మే ముందు 3.1లోని మూడో దారిని ప్రయత్నించండి. ఒక డ్రైవ్ ఖర్చు, చాలా సందర్భాల్లో తిరుగు రవాణా ఖర్చు కన్నా తక్కువే.